చెయ్యి తిరిగిన మాటలు

ఈ పూట మనం మాట్లాడుకోబోయేది ఒక్క మాట గురించి. చెయ్యి. పుస్తకంలో అది చేయి, ఇంట్లో చెయ్యి, పొలం గట్టున సెయ్యి. పొద్దున లేచినప్పటి నుంచి ఎన్నిసార్లు ఈ మాట అంటామో ఎవరూ లెక్కపెట్టుకోరు. అప్పు అడిగినా, పెళ్ళి సంబంధం మాట్లాడినా, పంట పోయినా, ఆఫీసులో కాగితం కదలకపోయినా ఏదో ఒక రూపంలో చెయ్యి మన మాటల్లోకి వచ్చేస్తుంది.

దీనికి నేను పశ్చిమ ప్రకాశం నుంచి, అంటే మార్కాపురం, గిద్దలూరు, కంభం, దోర్నాల వైపు నుంచి సాక్ష్యాలు తెచ్చుకుంటాను. అక్కడి జనం చేతుల మీద బతికినవాళ్ళు. నదుల కింద మాగాణి ఉన్న సీమ కాదది. మెట్ట సేద్యం, రాతి పని, అడవి పని, వలస కూలి. చేతితో ఇన్ని రకాల పనులు చేసేచోట చేతి గురించిన మాటలకు కూడా బలం ఎక్కువ. జాతీయాలు పండితులు కూర్చొని అల్లినవి కావు, పనిచేసే చేతుల్లోంచి పుట్టినవి. నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందు పలక దగ్గర మొదలుపెడదాం. తెలుగునాట బడికెళ్ళిన పెద్దవాళ్ళలో చాలామంది ఓనమాలు దిద్దింది మార్కాపురం పలక మీదే. ఆ నేల కింద ఉన్న రాతికి భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులోనే ఆ ఊళ్ళు ఉన్నాయి. కడప శిలాసముదాయంలో ఒక భాగాన్ని వాళ్ళు కంభం ఫార్మేషన్ అంటారు. ఆ రాయి గుణమేమిటంటే పొరలు పొరలుగా విడుతుంది. గనిలోంచి తెచ్చిన దిమ్మను పనివాడు నిలబెట్టి, అంచున ఉలి ఆనించి, సుత్తితో చిన్నగా తడతాడు. గట్టిగా కొడితే రాయి అడ్డంగా పగిలి పనికిరాకుండా పోతుంది. మెత్తగా కొడితే విడదు. ఎక్కడ ఆనించాలో, ఎంత తట్టాలో, పొర విడేముందు రాయి చప్పుడు ఎలా మారుతుందో కళ్ళకంటే ముందు చేతికి తెలియాలి. తెలిసిన చేతికి బల్లపరుపుగా, పలచగా పొర లేచివస్తుంది. దాన్ని కొలతకు కోసి, అరగదీసి, నునుపు చేసి, చుట్టూ చెక్క చట్రం బిగిస్తే పలక.

చెయ్యి తిరిగినవాడు అంటామే, ఆ మాటకు అసలైన తావు ఇలాంటి పనే. చెయ్యి తిరగడమంటే తలతో ఆలోచించనక్కరలేకుండా చేతికే దారి తెలియడం. ఇందులో తెలివి, అనుభవం, ఓర్పు మూడూ ఉన్నాయి. ఇదే మాటను మనం రచయితకు కూడా వాడతాం. చెయ్యి తిరిగిన కథకుడు, చెయ్యి తిరిగిన విలేకరి అంటాం. ఆ రచయిత మొదటిసారి అక్షరం దిద్దిన పలక వెనుక మార్కాపురంలో చెయ్యి తిరిగిన పనివాడొకడు ఉన్నాడు. పంతులుగారు పిల్లవాడి పిడికిలిని తన పిడికిట్లో పెట్టుకొని బలపంతో అ ఆలు దిద్దించినప్పుడు దాన్ని చెయ్యి పట్టి రాయించడం అన్నాం. కొన్నాళ్ళకు పట్టు లేకుండానే అక్షరం గుండ్రంగా వస్తే చెయ్యి కుదిరింది అన్నాం. ఎంత పెద్ద పండితుడికైనా చదువు మొదట చేతిలోనే పడుతుంది.

ఈ పలకల పనిలో ఇంకో చెయ్యి కూడా ఉంది. దాన్ని దాటవేసి వెళ్ళడం నాకు ఇష్టం లేదు. ఆ పనివాళ్ళ చేతులు కాయలు కాచిన చేతులు. రాతి ధూళి ఊపిరితిత్తుల్లోకి పోయి దగ్గుతో నలిగినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. బడిపిల్లలు రాసుకునే పలక తయారుచేయడానికి బడి మానేసిన పిల్లలు కూడా ఒకప్పుడు ఆ కార్ఖానాల్లో పనిచేశారు. తర్వాత ప్లాస్టిక్ పలకలు, రేకు పలకలు, నోటుపుస్తకాలు వచ్చి రాతి పలకకు గిరాకీ తగ్గింది. ఇప్పుడు ఆ రాయి గోడలకు, నడవలకు పరిచే రంగురాళ్ళుగా దూరదేశాలకు పోతోంది. కోతలో యంత్రాలు వచ్చాయి.

ఇక మాట లోపలికి వెళ్దాం. తమిళంలో కై, కన్నడంలోనూ కై. మనది చెయ్యి. మూడూ ఒకే మూలం నుంచి వచ్చినవే. పదం మొదట్లో ఉన్న కకారం, దాని పక్కన ఇ, ఎ లాంటి అచ్చు ఉన్నచోట తెలుగులో చకారమయింది. కన్నడంలో కివి మనకు చెవి. తమిళంలో కిళి మనకు చిలుక. అలాగే కై మనకు చెయ్యి. అయినా పాత కై మనల్ని పూర్తిగా వదలలేదు. కైవసం అంటాం, కైమోడ్పు అంటాం, కావ్యాల్లో కైదండ చూస్తాం. గిద్దలూరు నుంచి బెంగళూరుకు పనికి పోయిన మనిషి అక్కడి మేస్త్రీ నోట కై అనే మాట వింటే అది పరాయి మాట కాదు, తన చెయ్యే.

సమాసంలో చెయ్యి కుదించుకొని చే అవుతుంది. చేనేత, చేయూత, చేదోడు, చేబదులు, చేవ్రాలు. చేపట్టు, చేజారు, చేజిక్కు, చేకూరు. ప్రభుత్వం పథకం చేపట్టింది అని వార్తల్లో రోజూ వింటాం. చేత్తో పట్టుకుంది అని దాని అర్థం. పట్టుకున్నది మధ్యలో వదిలిపెట్టకూడదనే బాధ్యత ఆ మాటలోనే ఉంది.

అంతకంటే విశేషం, చెయ్యి మన వ్యాకరణంలోకి కూడా ఎక్కి కూర్చుంది. చిన్నప్పుడు వల్లెవేసిన విభక్తుల్లో తృతీయ గుర్తుందా? చేత, చే, తోడ, తో. ఆ చేత మరేదో కాదు, చెయ్యే. రాముని చేత అన్నప్పుడు రాముని చేతితో అనే అర్థం నుంచి అది ప్రత్యయమయింది. ఇప్పటికీ మనం కూలీల చేత కందులు కోయించాం అంటాం, పిల్లవాడి చేత ఉత్తరం రాయించాం అంటాం. ఆ వాక్యాల్లో పని చేయించినవాడు కర్త స్థానంలో ముందు కూర్చుంటాడు, పని చేసినవాడు చేత అనే చిన్న ముక్క పక్కన నిలబడతాడు. ఊళ్ళో పెద్ద బావి ఎవరు తవ్వించారో అందరికీ తెలుసు. తవ్విన చేతులెవరివో ఎవరికీ తెలియదు. కంభం చెరువునే తీసుకోండి. గుండ్లకమ్మ మీద, రెండు కొండల మధ్య కట్ట పోసి నిలిపిన ఆ చెరువును శ్రీకృష్ణదేవరాయల దేవేరి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. కట్టించినావిడ పేరు నిలిచింది, మంచిదే. ఎవరి చేత కట్టించిందో ఆ వడ్డెరల, కూలీల పేరు ఒక్కటీ మనకు అందలేదు.

చేత నుంచే చేతనవడం వచ్చింది. నాకు చేతనవును, నాకు చేతకాదు. శక్తి అనే భావానికి తెలుగువాడు వెతుక్కున్న కొలమానం చెయ్యి. తెలంగాణలో ఒంట్లో నలతగా ఉంటే శాతనైతలేదు అంటారు. అదీ ఇదే. చేతిలో సత్తువ లేదంటే మనిషికే బాగాలేదన్న మాట. చేతకానివాడు అని తిట్టడం మాత్రం అన్యాయమనిపిస్తుంది నాకు. ఒక పని రాని మనిషికి ఇంకో పని వచ్చి ఉంటుంది.

మన దస్తావేజుల సంగతి చూడండి. ఆ సీమే ఎన్నో చేతులు మారింది. మార్కాపురం, కంభం సీమను 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. ఆ తర్వాత కడపలో, కర్నూలులో ఉండి, 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు నుంచి ఇటు వచ్చాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. నవాబుల కాలం నుంచి కచేరీల్లో చేరిన పారసీ మాటల్లోనూ చెయ్యి దాగి ఉంది. పారసీలో దస్త్ అంటే చెయ్యి. దస్తావేజు, దస్తఖత్తు, దస్తా కాగితాలు, తెలంగాణవాళ్ళ దస్తీ రుమాలు, అన్నిట్లోనూ అదే. జబర్దస్తీ అనే మాటను విడదీస్తే పైచెయ్యి అని వస్తుంది. ఎవరో ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారని కాదు, ఎవడి చెయ్యి పైన ఉంటే వాడిదే బలమన్న సంగతి అన్ని దేశాల రైతులకూ తెలుసు.

దస్తఖత్తుకు మన మాట చేవ్రాలు. పాత భూమి కాగితాల చివర పేరు, దాని పక్కన చేవ్రాలు అని ఉండేది. రాయడం రానివాళ్ళు వేలిముద్ర వేస్తే దాన్ని నిశానీ అన్నారు. తమ పిల్లల కాలంలోనైనా ఇంట్లో నిశానీలు పోయి చేవ్రాళ్ళు రావాలని, ఉన్నదాంట్లో మిగిల్చి ఒక పలక కొన్న తల్లులు ఎందరో ఆ పల్లెల్లో.

డబ్బు దగ్గరికి వస్తే చెయ్యి అసలు తీరిక లేకుండా పనిచేస్తుంది. ఊళ్ళో వినిపించే మాటలివి.

"మామా, ఒక ఐదొందలు చేబదులుంటే ఇయ్యి. సంతనాటికి తెచ్చిస్తా."

"నా చెయ్యి కూడా ఆడటం లేదురా అల్లుడా. మిరపకాయలు ఇంకా యార్డుకు పోలేదు. ఐదొందలు కావాల్నంటే లేవుగాని, మూడొందలున్నాయి తీస్కపో."

ఇందులో చేబదులు అనే మాట దగ్గర కాస్త ఆగాలి. అప్పు వేరు, చేబదులు వేరు. అప్పుకు నోటు ఉంటుంది, వడ్డీ ఉంటుంది, సాక్షులుంటారు. చేబదులుకు ఇవేవీ ఉండవు. ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి పోయి, నాలుగు రోజుల్లో అదే దారిన తిరిగి రావాలి. సాక్ష్యం ఆ రెండు చేతులే. ఎగ్గొట్టినవాణ్ణి కోర్టుకు లాగలేరు గాని ఊళ్ళో మళ్ళీ ఎవరూ వాడి చేతిలో పైసా పెట్టరు. కరువు సీమలో పెట్టుబడికి బ్యాంకు, పెళ్ళికి వడ్డీ వ్యాపారి ఉంటే ఉండవచ్చు, కాని పొయ్యి మీద ఎసరు పెట్టాక బియ్యానికి, అర్ధరాత్రి ఆసుపత్రికి అక్కరకొచ్చింది చేబదులే. ఇంత గౌరవమైన మాట మన ఆర్థిక వ్యవహారాల్లో ఇంకోటి లేదంటాను.

డబ్బు చేతిలో ఆడుతుంది, చేతులు మారుతుంది, చెయ్యి జారుతుంది. పిసినారి చెయ్యి బిగబట్టుకుంటాడు, ఎంగిలి చేత్తో కాకిని కూడా తోలడు. దాత చేతికి ఎముక ఉండదు. వ్యాపారం దెబ్బతింటే చేతులు కాల్చుకున్నాడంటాం. ఇష్టం లేని ఖర్చు మీద పడితే చేతి చమురు వదిలింది అంటాం. పశువుల సంతలో అయితే బేరం మొత్తం చేతుల్లోనే నడిచేది. కొనేవాడు, దళారి కుడిచేతులు కలిపి పైన తువ్వాలు కప్పుతారు. లోపల ఒకరి వేళ్ళు ఇంకొకరు పట్టుకుంటారు. ఎన్ని వేళ్ళు పడితే అంత, సగం వేలు పడితే ఇంత. చుట్టూ పదిమంది నిలబడి ఉన్నా ధర ఎంతో ఒక్కరికీ తెలియదు. మొహాల్లో ఏమీ కనపడదు. వేలు విదిలిస్తే బేరం కుదరలేదని, బిగించి ఊపితే కుదిరిందని. చేతిలో చెయ్యి వేశాక మాట తప్పకూడదు. మనం ఒట్టు వేసేటప్పుడు చేతిలో చెయ్యేసి చెప్పు అనేదీ ఈ కట్టుబాటు మీద నిలబడ్డదే.

కొలతలకూ చెయ్యే ఆధారం. చిటికెడు ఉప్పు, గుప్పెడు పప్పు, పిడికెడు బియ్యం, చేరెడు నూనె, దోసెడు గింజలు. పొడవుకు బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు. మార్కాపురంలో చెన్నకేశవస్వామి గుడి వైపు వెళ్తూ పూలు కొనండి. పూలమ్మే ఆమె దండ కొసను వేళ్ళ చివర పట్టుకొని మోచెయ్యి దాకా లాగి, అక్కడ బొటనవేలితో నొక్కి ఒక మూర అంటుంది. "ఏంది పెద్దమ్మా, నీ మూర చిన్నగుంది" అని కొనే పిల్ల అంటే, ఇంకో బెత్తెడు కొసరు వదిలి తెంచుతుంది. ఏ తూనికలు కొలతల శాఖా ఆ చేతిని తనిఖీ చెయ్యదు. అయినా రోజూ వచ్చేవాళ్ళు రోజూ ఆమె దగ్గరే కొంటారు. వంటింట్లో చెయ్యి మరీ గొప్పది. ఫలానా ఆమె చెయ్యి పడితే చారుకు రుచి వస్తుంది అంటాం. వైద్యుడిది హస్తవాసి, మంత్రసానిది చల్లని చెయ్యి, విత్తనం చల్లే ఇల్లాలిది మంచి చెయ్యి. గింజ మొలిచేది వాన వల్లే, అయినా మొదటి పిడికిలి ఎవరి చేత చల్లించాలో ఇంటి పెద్ద ఆలోచిస్తాడు.

ఇప్పుడు పొలం. పంట చేతికి రావడం అంటే కళ్ళం నుంచి ఇల్లు చేరడం. మొక్క బాగుంది, కాపు బాగుంది అన్నంత మాత్రాన రైతు పంట వచ్చిందని ఎన్నడూ అనడు. కంది పూతలో ముసురు పట్టవచ్చు, పత్తి పగిలేవేళ వాన కొట్టవచ్చు, మిరప కళ్ళంలో ఉండగా ధర పడిపోవచ్చు. అందుకే చేతికి అందింది నోటికి అందలేదు అనే మాట అక్కడ మూలుగులా వినిపిస్తుంది. చేతికీ నోటికీ మధ్య ఉన్న దూరం ఒక్క మూర. ఆ మూరెడు దూరంలోనే మన రైతుల బతుకులు చాలా కూలిపోయాయి.

నీళ్ళ విషయంలో చేతి జాతీయాలు రెండున్నాయి. రెండూ మోచెయ్యికి సంబంధించినవే. మొదటిది, మోచేతి నీళ్ళు తాగడం. ఒకరి మీద ఆధారపడి, వాళ్ళు వదిలింది తీసుకొని బతకడం అని అర్థం. ముంత ముట్టనివ్వక, ఎత్తున నిలబడి పై నుంచి పోస్తే దోసిలి పట్టి తాగాల్సి వచ్చిన మనుషులు మన ఊళ్ళల్లోనే ఉన్నారు. దోసిలి పట్టి తాగుతుంటే సగం నీళ్ళు మోచేతుల మీదుగా నేలకు కారిపోతాయి. మోచేతి నీళ్ళ మాట విన్నప్పుడల్లా నాకు ఆ దోసిలి గుర్తుకొస్తుంది. దాన్ని తేలిగ్గా వాడకూడదని నా అభిప్రాయం.

రెండోది, మోచేతికి బెల్లం రాసి అరచెయ్యి నాకించడం. ఎవరి మోచెయ్యి వాళ్ళ నాలుకకు అందదు. ఉందని కనపడుతుంది, దొరకదు. పశ్చిమ ప్రకాశంలో నీళ్ళ మాట వస్తే పెద్దవాళ్ళ నోట ఈ జాతీయం వస్తుంది. అక్కడ బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు, చాలా ఊళ్ళలో దాటింది. పిల్లల పళ్ళు గారపడతాయి, ఏళ్ళు గడిచేకొద్దీ కీళ్ళు బిగుసుకుపోతాయి. చేతి పంపు కొట్టి కొట్టి ఆ నీళ్ళే తాగినవాళ్ళకు చివరికి చెయ్యి లేవని స్థితి. పూల సుబ్బయ్య పేరు పెట్టిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణ నీటిని నల్లమల కింద రెండు సొరంగాల గుండా తెచ్చి, ప్రకాశం, నెల్లూరు, కడప సీమల్లో 4,47,300 ఎకరాలకు, ఆపైన తాగడానికి ఇవ్వాలన్నది సంకల్పం. ఒక్కో సొరంగం 18 కిలోమీటర్లకు పైగా పొడవు. కొండను లోపలి నుంచి తొలవడం మాటలు కాదు, అక్కడ పనిచేసిన చేతులకు దండం పెట్టాలి. కాని శంకుస్థాపన నాడు చేతికందిన పిల్లలు ఇవాళ తమ పిల్లల పెళ్ళిళ్ళు చేస్తున్నారు. నీళ్ళు చేతికొచ్చేదెన్నడు అని వాళ్ళు అడిగితే అందులో తప్పేమీ లేదు.

అడవి వైపు ఒక అడుగు వేద్దాం. తేనె తీసేవాడు చెయ్యి నాకకుండా ఉంటాడా అని సామెత. లంచం తిన్నవాణ్ణి వెనకేసుకొచ్చేవాళ్ళు ఎక్కువగా వాడుతుంటారు. ఈ సామెతను ఆ పనికి వాడటం తేనె తీసేవాళ్ళకు చేసే అవమానం. నిజంగా తేనె తీసేవాళ్ళు దోర్నాల, యర్రగొండపాలెం పైనున్న నల్లమల చెంచులు. కొండచరియ మీద పట్టు ఉంటే, పై నుంచి తాడు కట్టుకొని ఒకడు కిందికి దిగుతాడు, ఒకడు పైన తాడు పట్టుకుంటాడు. ఆ తాడు పట్టుకునేది బావమరిది అయి ఉండాలన్నది వాళ్ళ కట్టుబాటు. తన అక్కచెల్లెళ్ళ పసుపుకుంకుమలు పోయే పని అతను చెయ్యడని నమ్మకం. కింద లోయ, చుట్టూ తేనెటీగలు, ప్రాణం బావమరిది చేతిలో. నా ప్రాణం నీ చేతిలో పెడుతున్నాను అనే మాట మనం ఆసుపత్రుల్లో, సినిమాల్లో వింటాం. అక్కడ అది ఉన్నదున్నట్టు నిజం. అలాంటివాడు వేలికంటిన తేనె నాకితే, దాన్ని కౌంటరు వెనక కూర్చొని చెయ్యి తడిపించుకునేవాడి పనితో ఎలా కలుపుతాం?

ఇల్లూ సంసారం దగ్గర చెయ్యి చాలా మెత్తని మాట. చేతికి అందొచ్చిన కొడుకు అంటే సంపాదించే వయసు వచ్చినవాడని మాత్రమే కాదు, అమ్మానాన్నలు కాస్త ఒరిగితే పట్టుకునే ఆసరా అని. చేదోడు వాదోడు అంటే పనిలో ఒక చెయ్యి, మాటలో ఒక తోడు. చేతులారా పెంచడం అన్నప్పుడు ఆ చేతుల నిండా తృప్తి ఉంటుంది. అదే చేజేతులా అంటే, తన చేత్తోనే తను చెడగొట్టుకున్నాడని. మాట కాస్త మారితే చాలు, సంతోషం దుఃఖంగా మారిపోతుంది. ఆడపిల్ల విషయంలో మాత్రం ఒక మాట నాకు ముల్లులా గుచ్చుకుంటుంది. ఒక అయ్య చేతిలో పెడితే మా బరువు దిగిపోతుంది అంటారు. పిల్ల వస్తువు కాదు, ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చడానికి. ఇప్పుడిప్పుడు ఆ పల్లెల్లోనే నర్సులై, టీచర్లై, కానిస్టేబుళ్ళై జీతం తెచ్చే అమ్మాయిలను చూసి, నా కూతురు చేతికందొచ్చింది అంటున్న తల్లులున్నారు. జాతీయం అదే, మనిషి మారింది. భాష బాగుపడటమంటే ఇదే.

చెడ్డ చేతులూ ఉన్నాయి. చేతివాటం, చేతబడి, చెయ్యి చేసుకోవడం. వాటిని అందరూ ఎరుగుదురు గనక సాగదీయను. కాని ఒక తేడా చెప్పాలి, పత్రికల్లోనూ టీవీల్లోనూ ఈ మధ్య అన్నిటినీ ఒకే గంపలో వేస్తున్నారు. చేతులెత్తేశాడు అంటే చేయగలిగింది చేసి, ఇక తన వల్ల కాదన్నాడు. చేతులు ముడుచుకున్నాడు అంటే అసలు మొదలే పెట్టలేదు. చేతులు పిసుక్కున్నాడు అంటే చేయాలని ఉంది, దారి కనపడలేదు. చేతులు దులుపుకున్నాడు అంటే తన బాధ్యత ఉండీ, లేనట్టు లేచిపోయాడు. వైద్యుడు చేతులెత్తేస్తే జాలిపడతాం, అధికారి చేతులు దులుపుకుంటే నిలదీయాలి. వానల్లేక రైతు చేతులెత్తేస్తే ఆదుకోవాలి, అతణ్ణి చేతులు ముడుచుకున్నవాడని అంటే అన్యాయం. ఎవరికి ఏ మాట వాడాలో తెలియడం ఒక రకంగా న్యాయం తెలియడం.

చేతికి ఇంకో మాట కూడా ఉంది. వేసవిలో గుంటూరు మిరప కోతలకు, హైదరాబాదు భవనాల పనులకు వలసపోయే పశ్చిమ ప్రకాశం కూలీలను అడగండి. వాళ్ళు చేతుల కష్టం అనరు, రెక్కల కష్టం అంటారు. రెక్కాడితే గాని డొక్కాడదు అంటారు. అక్కడ రెక్క అంటే పక్షి రెక్క కాదు, భుజం నుంచి వేళ్ళ దాకా ఉన్న చెయ్యి. రెక్కలు ముక్కలు చేసుకొని పిల్లల్ని చదివించాం అని ఒక తల్లి అంటే, అందులో అలంకారమేమీ లేదు.

ఈ మాటలను పోగుచేసినవాళ్ళు మనకు లేకపోలేదు. ఆ సీమకు పక్కనే, ఒంగోలులో 1928లో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు, తెలుగు పదాలు ఊళ్ళల్లో ఉన్నాయి గాని నిఘంటువుల్లో లేవని గ్రహించారు. జిల్లా జిల్లాకూ మనుషుల్ని పంపి, రైతుల నోటి నుంచే నాగళ్ళ పేర్లు, కాడి పేర్లు, కళ్ళం పేర్లు రాయించారు. అలా 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వ్యవసాయ పదకోశం వెలువడింది. 1971లో చేనేత పదకోశం వచ్చింది. అప్పటికి వ్యవసాయపు పనిముట్లు, మగ్గాలు ఊరూరా ఉన్నాయి కనక పోగుచేయగలిగారు. ఈరోజు యంత్రం దిగిన ప్రతి పనిలోనూ పాత చేతిపని మాటలు ఒక తరం దూరంలో ఆగి ఉన్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అనే మాట అందరికీ వస్తుంది. పొయ్యి మీది మట్టికుండను ఆకులు అడ్డం పెట్టుకొని దించేవాళ్ళని, అందులోంచి ఆ మాట వచ్చిందని ఇవాళ్టి పిల్లలకు చెప్పాల్సి వస్తోంది. పని పోయాక మాట కొంతకాలం నడుస్తుంది, తర్వాత దాని బలం తగ్గిపోతుంది.

అందుకే పశ్చిమ ప్రకాశం శ్రోతలకు, ముఖ్యంగా అక్కడి తెలుగు ఉపాధ్యాయులకు, కాలేజీ పిల్లలకు నా మనవి. రాతి పలక పొర చేత్తో తీసిన పెద్దవాళ్ళు మార్కాపురం చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. వాళ్ళ దగ్గర కూర్చోండి. రాయి ఏ పక్క విడుతుందో దానికేమంటారు, పాడైన పొరకు పేరేమిటి, పని నేర్చుకునే కుర్రవాడిని ఏమని పిలిచేవారు, చెయ్యి కుదరనివాణ్ణి ఏమని అనేవారు అని అడగండి. చెంచుపెంటల్లో తాడు పట్టే మాటలు అడగండి, సంతలో వేళ్ళ లెక్క తెలిసిన దళారిని అడగండి, పూలమ్మే ఆమెను అడగండి. ఫోనులో రికార్డు చేసుకోండి, ఊరి పేరు, తేదీ వేసి కాగితం మీద రాసుకోండి. చెప్పినవాళ్ళు అన్నది అన్నట్టే రాయండి, బడి తెలుగులోకి దిద్దకండి. రాసింది మీ కాలేజీ గ్రంథాలయంలో ఒక ప్రతి, చెప్పిన పెద్దాయన ఇంట్లో ఒక ప్రతి పెట్టండి. ఈ పని మొదలుపెట్టడానికి ఈ వేసవి సెలవులు చాలు.